చేత్తో చేసే జాగ్రఫీ: ఇంట్లో చదివే 11, 13 ఏళ్ల పిల్లలకి ఏ కరిక్యులమ్ తీసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో ఉంటున్నారు. బాబుకి 13, పాపకి 11. రెండేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నారు. సోషల్ పుస్తకం తెరిస్తే ఇద్దరికీ ఆవలింతలు. అందుకని చేత్తో చేసే పనులు ఎక్కువగా ఉండే జాగ్రఫీ కరిక్యులమ్ కోసం వెతుకుతున్నారు. మీ ముందు మూడు దారులున్నాయి: విదేశం నుంచి తెప్పించుకునే 18 వేల రూపాయల ప్యాక్, ఇక్కడి పబ్లిషర్ అమ్మే యాక్టివిటీ వర్క్‌బుక్, లేకపోతే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పెట్టుకుని మీరే తయారు చేసుకోవడం. పదో తరగతి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్)లో రాయిద్దామనుకుంటున్నారు కాబట్టి సిలబస్ ఎక్కడ తప్పిపోతుందోనన్న టెన్షన్ కూడా ఉంది.

నేను స్కూల్లో తొమ్మిదేళ్లు సోషల్ చెప్పాను. ఆ తర్వాత ఏడేళ్లు మా పిల్లలిద్దరికీ ఇంట్లోనే చెప్పాను. నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ 18 వేల ప్యాక్ వద్దు. వర్క్‌బుక్ కూడా ఇప్పుడే వద్దు. ఎన్‌సీఈఆర్‌టీ ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు ఆధారంగా పెట్టుకోండి. పనులు మాత్రం మీ డాబా మీద, మీ వీధిలో, మీ నీళ్ల ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి.

ముందు "చేత్తో చేసేది" అంటే ఏమిటో తేల్చుకుందాం. రంగులు వేయడం, జెండాలు కత్తిరించి అతికించడం కూడా చేతి పనే. కానీ ఆ పని అయ్యాక పిల్లకి అంతకుముందు తెలియని సంగతి ఒక్కటైనా తెలిసిందా? నేను ఏ యాక్టివిటీ చూసినా ఈ ఒక్క ప్రశ్నే వేసుకుంటాను. జవాబు పక్క పేజీలోనే ఉండి, పిల్ల దాన్ని అందంగా మళ్లీ గీస్తే అది డ్రాయింగ్ క్లాసు. కొలిచి, పోల్చి, ఒకసారి తప్పు చేసి దిద్దుకుంటే తప్ప జవాబు రాని పనైతే అది జాగ్రఫీ. మీరు చూస్తున్న ప్యాక్ శాంపిల్ పేజీలు తెరిచి, ఏవైనా పది యాక్టివిటీలు ఈ ప్రశ్నతో చూడండి. నాలుగైనా నిలబడితే ఆలోచించొచ్చు. నేను చూసిన వాటిలో ఎక్కువ శాతం రెండు దగ్గరే ఆగిపోయాయి.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మా పెద్దవాడికి పన్నెండేళ్లప్పుడు నేనూ అలాంటి ప్యాకే తెప్పించాను. పెట్టె చాలా అందంగా ఉంది. స్టిక్కర్లు, జెండాలు, లామినేట్ చేసిన మ్యాపులు. రెండు నెలలు ఇల్లంతా కళకళలాడింది. వాడు అమెరికా 50 రాష్ట్రాలూ, వాటి రాజధానులూ గడగడా చెప్పేవాడు. అందులో దూరాలన్నీ మైళ్లలో, ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో. వాతావరణం పాఠం మంచు కురిసే చోట పెరిగే పిల్లల కోసం రాసింది. అక్కడి పిల్లలకి అది చక్కగా సరిపోయే పాఠమే. కానీ ఒకసారి మా వీధికి మూడు రోజులు మంచినీళ్లు రాలేదు. ట్యాంకర్ కోసం గేటు దగ్గర నిలబడి ఉండగా, "మనకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయిరా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పైపులోంచి" అన్నాడు. మోంటానా రాజధాని చెప్పగల పిల్లవాడు! ఆ జవాబు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. తప్పు వాడిది కాదు, ఎంచుకున్నదాన్ని నేను. ఆ రాత్రే పెట్టె అటకెక్కింది.

మర్నాటి నుంచి నెల రోజులు మా పాఠం ఒక్కటే: మా ట్యాప్‌లో నీళ్ల దారి. హైదరాబాద్‌కి మంజీరా, సింగూరు నుంచి కొంత, నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు కొంత, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు కొంత వస్తాయి. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉండనే ఉన్నాయి. మా కాలనీకి ఏవి వస్తున్నాయో లైన్‌మన్‌ని అడిగి రమ్మన్నాను. కృష్ణా నీళ్లన్నాడు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులని పేపర్లో రోజూ చూసేదే. వాడు దాన్ని మీటర్లలోకి మార్చాడు, 180 వచ్చింది. తర్వాత టోపోషీట్‌లో, అంటే నేల ఎత్తులు కూడా చూపించే వివరమైన మ్యాప్‌లో, మా కాలనీ పక్కన పోయే కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) చూశాడు, 520 మీటర్లు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు. "అమ్మా, సాగర్ కింద ఉంది, మనం పైన ఉన్నాం. నీళ్లు పైకెలా వస్తున్నాయి?"

340 మీటర్లు. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. అంటే ఆరు చార్మినార్‌లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తుకి పంపులు పెట్టి నీళ్లు తోడుతున్నారు. అక్కడి నుంచి పంపులు, కరెంటు, ఖర్చు అన్నీ వాడే అడిగాడు. చివరికి వాడి వేలు మూసీ మీదకి వెళ్లింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, ఊరు మధ్య నుంచి పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అది సాగర్‌కి దిగువన. మనం అంత కష్టపడి ఎత్తుకొచ్చిన నీళ్లు వాడేశాక మూసీలో పడి తిరిగి కృష్ణలోకే పోతున్నాయని మ్యాప్ మీద గీత గీసి వాళ్ల నాన్నకి చూపించాడు. నదులు, ఎత్తు, వాలు, స్కేలు, యూనిట్లు మార్చడం, నగరం అవసరాలు, అన్నీ ఒక్క ట్యాప్ దగ్గర మొదలయ్యాయి. ఏ ప్యాక్‌లోనూ ఈ పాఠం ఉండదు, ఉండలేదు కూడా. ఎందుకంటే అది మీ ఇంటి అడ్రసుని బట్టి మారుతుంది. మీకు గోదావరి నీళ్లు వస్తుంటే మీ పిల్లల మ్యాప్ వేరే.

ఇక రెండో పని, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: నీడ కొలవడం. ఒక మీటరు కర్ర, ఒక దారం, సుద్దముక్క, డాబా చాలు. కర్రని మట్టి కుండీలో నిటారుగా పాతాలి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూసుకోవాలి. "మిట్టమధ్యాహ్నం ఎన్ని గంటలకి?" అని అడిగితే ఇద్దరూ 12 అంటారు. అననివ్వండి. 11:30 నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొన దగ్గర సుద్దతో గుర్తు పెట్టమనండి. మేం జనవరి చివర్లో చేశాం. 12 దాటినా నీడ ఇంకా పొట్టిదవుతూనే ఉంది. 12:30కి దగ్గర్లో గానీ ఆగలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది, మీకూ ఎదురవుతుంది. నీడ బాగా పొట్టిగా ఉన్న ఆ పది, పదిహేను నిమిషాల్లో అది మారేది చాలా కొద్ది. ఏది అన్నిటికంటే పొట్టిదో పిల్లలు తేల్చలేరు, వాదించుకుంటారు. మా వాళ్లు సుద్దముక్కలు విసురుకున్నారు. దానికి మందు వృత్తం. కర్ర మొదలు చుట్టూ దారంతో ఒక వృత్తం గీయాలి. ఉదయం నీడ కొన ఆ వృత్తాన్ని తాకిన చోటు, టైము రాసుకోవాలి. మధ్యాహ్నం మళ్లీ తాకినప్పుడూ రాసుకోవాలి. రెండు టైముల మధ్య సరిగ్గా సగం మీ ఊరి అసలు మిట్టమధ్యాహ్నం. రెండు గుర్తుల మధ్య బిందువు నుంచి కర్ర మొదటికి గీత గీస్తే అది ఉత్తర దక్షిణాల గీత. శంకువు (అంటే నిటారు కర్ర) పాతి దిక్కులు సాధించే పద్ధతి అని మన పాత గ్రంథాల్లో ఉన్నది ఇదే. ఫోన్‌లో దిక్సూచి తెరిచి పోల్చమనండి.

ఇప్పుడు ప్రశ్న: 12 ఎందుకు కాలేదు? మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ గీత మన కాకినాడ దగ్గరగానే పోతుంది. హైదరాబాద్ రేఖాంశం దాదాపు 78.5. తేడా నాలుగు డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు, మొత్తం 16. అంటే 12:16. మా వాడు ఇక్కడిదాకా తనే లెక్క కట్టాడు. మరి మిగతా 13, 14 నిమిషాలేవి? భూమి తిరిగే దారి పూర్తి వృత్తం కాకపోవడం, అక్షం ఒరిగి ఉండడం వల్ల సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు గడియారం కంటే వెనక, కొన్నాళ్లు ముందు ఉంటాడు. అదే కర్రతో నవంబరు మొదటి వారంలో చేస్తే హైదరాబాద్‌లో దాదాపు 12కే వస్తుంది. నవంబరు దాకా వాడు ఆ తేదీని క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి పెట్టుకున్నాడు. మే 9న 12:12కి, ఆగస్టు 3న 12:23కి హైదరాబాద్‌లో నిటారు కర్రకి నీడే ఉండదు. మబ్బు పట్టకపోతే ఆ రెండు రోజులు వదులుకోకండి. ఆగస్టులో సాధారణంగా మబ్బు ఉంటుంది కాబట్టి మే రోజునే నమ్ముకోండి.

దీన్నే ఇంకొంచెం సాగదీస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. మా ఆడపడుచు వాళ్లు ఢిల్లీలో ఉంటారు. మార్చి 21న వాళ్లమ్మాయి అక్కడ, మా పిల్లలు ఇక్కడ, ఎవరి మిట్టమధ్యాహ్నానికి వాళ్లు మీటరు కర్ర నీడ కొలిచారు. ఇక్కడ 31 సెం.మీ., అక్కడ 53. కాగితం మీద త్రిభుజాలు గీసి కోణమానినితో కొలిస్తే సుమారు 17, 28 డిగ్రీలు. లెక్క సరిగ్గా కడితే తేడా 10.7. రెండు ఊళ్ల మధ్య ఆకాశ మార్గంలో దాదాపు 1,250 కి.మీ. 10.7 డిగ్రీలకి అంత దూరమైతే భూమి చుట్టూ 360 డిగ్రీలకి ఎంతో చూడాలని దాన్ని 360తో గుణించి 10.7తో భాగించారు. 42 వేల కి.మీ. వచ్చింది. అసలు 40 వేలు. రెండు కర్రలతో! ముందు నాగ్‌పూర్‌లో ఉన్న స్నేహితులతో చేద్దామనుకున్నాం. కానీ అక్షాంశాల తేడా నాలుగు డిగ్రీలు కూడా లేదు. కొలతలో ఒక్క డిగ్రీ తప్పితే లెక్క మొత్తం పాడైపోతుంది. మీరు చేసేటట్లయితే దాదాపు మీ రేఖాంశం మీదే, బాగా దూరంగా ఉన్న ఊరు చూసుకోండి.

ఉప్పు పిండి మ్యాపుల గురించి అందరూ అడుగుతారు. మైదా రెండు పాళ్లు, ఉప్పు ఒక పాలు కలిపి ముద్ద చేసి అట్ట మీద కొండలు, మైదానాలు పేర్చడం. చేయించండి, పిల్లలకి చాలా ఇష్టం. వానాకాలంలో మాత్రం వద్దు. ఉప్పు తేమ పీల్చి మ్యాపంతా చెమట పట్టినట్టు అవుతుంది. నా పరీక్షకి ఈ పని మామూలుగా నిలబడదు, ఎందుకంటే పుస్తకంలో ఉన్నదాన్ని పిండితో మళ్లీ చేయడమే. కానీ ఒక్క ప్రశ్న కలిపితే నిలబడుతుంది. మా అమ్మాయి కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా 64 సెం.మీ. పొడవున భారతదేశం చేసింది. హిమాలయాలు నాలుగు సెం.మీ. ఎత్తున పేర్చి, కొసన సుద్దపొడి చల్లింది. చాలా బాగుంది. అప్పుడు స్కేలు లెక్క కట్టమన్నాను. దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి 3,214 కి.మీ., అంటే ఒక సెం.మీ.కి 50 కి.మీ. అలాగైతే దాని హిమాలయాల ఎత్తు 200 కి.మీ.! ఎవరెస్ట్ 8,849 మీటర్లు, ఆ మ్యాప్ మీద రెండు మిల్లీమీటర్లు కూడా ఉండకూడదు. మన తూర్పు కనుమలైతే మూడు కాగితాలు పేర్చినంత మందం. ఆ పిల్ల స్కేలు పట్టుకుని వేలి గోటి మీద రెండు మిల్లీమీటర్లు చూసుకుని, "భూమి ఇంత నున్నగా ఉంటుందా?" అంది. మ్యాప్ కింద "ఎత్తులు 20 రెట్లకి పైగా పెంచి చూపించాం" అని తనే రాసింది. అసలు మ్యాపులు తయారు చేసేవాళ్లు రాసేది కూడా అదే.

కాంటూరు గీతలు ఎనిమిదో తరగతి దాకా చాలామందికి అర్థం కావు. స్కూల్లో నేను బోర్డు మీద గీసి ఎన్నిసార్లు చెప్పినా ఇల్లు గీసినట్టు గీసేవాళ్లు. ఇంట్లో పెద్ద బంగాళాదుంపతో పది నిమిషాల్లో అయిపోయింది. దుంపని నిలువునా సగానికి కోసి, చదునైన వైపు కిందికి పెట్టండి. పైనుంచి కిందికి రెండు అగరబత్తి పుల్లలు గుచ్చి రంధ్రాలు చేయండి. ఇప్పుడు అడ్డంగా సెంటీమీటరు మందం ముక్కలు కోయండి. అడుగు ముక్క కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, రెండు రంధ్రాలూ గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ముక్కల్ని ఒక్కొక్కటే అవే రంధ్రాల మీద సరిపెట్టి గీయాలి. నిటారుగా ఉన్న వైపు గీతలు దగ్గరగా, వాలుగా ఉన్న వైపు ఎడంగా వస్తాయి. ఆ కాగితం పక్కనే టోపోషీట్ పరవండి. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే 1:50,000 స్కేలు మ్యాపులు పీడీఎఫ్‌గా దొరుకుతాయి. మ్యాప్ మీద రెండు సెం.మీ. నేల మీద ఒక కి.మీ. గోధుమరంగు గీతలు కాంటూర్లు, గీతకీ గీతకీ 20 మీటర్లు. మీ ప్రాంతం షీట్ తీసి పెద్ద సైజులో ప్రింట్ వేయించండి. మీకు దగ్గర్లో ఏ గుట్ట ఉంటే ఆ గుట్ట ఎక్కి, ఎటు వైపు వాలు ఎక్కువో ముందే మ్యాప్ చూసి చెప్పించండి. మా వాళ్లు మౌలాలి గుట్ట దగ్గర చెప్పారు. కాళ్లకి తెలిసింది, గీతలు నిజమేనని. ఇది అయ్యాకే ఉపగ్రహ చిత్రాలతో మ్యాపులు చూపించే ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ తెరవండి. ముందే స్క్రీన్ చూపిస్తే కాగితం మ్యాప్ వైపు ఇక చూడరు.

వాన కొలవడానికి నిటారు గోడలున్న సీసా, స్కేలు చాలు. వాతావరణ శాఖ లాగే ఉదయం 8:30కి కొలిచి రాయాలి. పెద్ద మూతి సీసాలో ఎక్కువ మి.మీ. వస్తాయని పిల్లలు తప్పకుండా అంటారు. రెండు సైజులు పక్కపక్కన పెట్టించండి, జవాబు వానే చెబుతుంది. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే వాతావరణ శాఖ భాషలో భారీ వర్షం. టీవీలో ఆ మాట విన్న రోజు మా వాళ్లు డాబా మీదకి పరిగెత్తేవాళ్లు. తెనాలిలో మా మామగారు కూడా ఒక సీసా పెట్టారు. అక్టోబరులో ఇక్కడ సీసా ఎండిపోయిన రోజుల్లో అక్కడ నిండేది. ఈశాన్య రుతుపవనాలు కోస్తాకి ఏం చేస్తాయో అలా తెలిసింది. ఆయన తారీఖు పక్కన కార్తె కూడా రాసి పంపేవారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటకి పక్కన పిల్లలు ఆ రోజు ఉష్ణోగ్రత రాశారు. మీకూ ఊళ్లో పెద్దవాళ్లుంటే వాళ్లకో సీసా ఇవ్వండి.

రాళ్లు, నేలల కోసం దూరం పోనక్కర్లేదు. పాత ఇళ్లలో తాండూరు బండలు, కడప బండలు ఉంటాయి. రెండూ సున్నపురాయే. విరిగిన ముక్క గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. గ్రానైట్ మీద రాదు. మంచి బండ మీద మాత్రం వేయకండి, మరక పడుతుంది. ఒక ఆదివారం అనంతగిరి దాకా వెళ్లండి. బయల్దేరినప్పుడు గ్రానైట్ గుండ్లు, దారిలో నల్లరేగడి, కొండ మీద ఎర్రటి లాటరైట్. 75, 80 కి.మీ.లో మూడు రకాల నేల మారుతుంది. మూడు చోట్లా గుప్పెడు మట్టి తెచ్చి, సీసాల్లో నీళ్లు పోసి బాగా కుదిపి వదిలేయండి. ఇసుక నిమిషంలోనే దిగుతుంది, ఒండ్రు గంటల్లో, బంకమట్టికి ఒక రోజైనా పడుతుంది.

"మరి ప్రపంచం సంగతి?" అంటారు. నిజమే, ఇంటి దగ్గరే ఆగిపోతే కుదరదు. ఒక మంచి గ్లోబు కొనండి, 30 సెం.మీ.ది. డబ్బు పెట్టాల్సింది దాని మీదే. హైదరాబాద్ నుంచి చికాగోకి గ్లోబు మీద దారం బిగించి లాగమనండి. మన వాళ్లు ఎవరో ఒకరు అక్కడ ఉంటారు కదా, ఆ ఊరే తీసుకోండి. దారం మధ్య ఆసియా, రష్యా మీదుగా ఉత్తర ధ్రువం దగ్గర దాకా వెళ్లి కెనడా మీదుగా దిగుతుంది. గోడ మ్యాప్ మీద అదే గీత స్కేలుతో గీస్తే అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఎందుకని? కమలాపండు మీద పెన్నుతో ఖండాలు గీసి, తొక్క వలిచి బల్ల మీద చదునుగా పరవమనండి. చిరగకుండా పరవడం ఎవరి వల్లా కాదు. మ్యాపులు చేసేవాళ్లూ ఏదో ఒకటి సాగదీయక తప్పదని అప్పుడు అర్థమవుతుంది. గ్రీన్‌లాండ్ కొన్ని మ్యాపుల్లో ఆఫ్రికా అంత కనబడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు.

మీరు ఏ మెటీరియల్ తీసుకున్నా, పాతవి చేతులు మారి వచ్చినవైతే మరీ, ముందు మ్యాపులు చూడండి. తెలంగాణలో 10 జిల్లాలే ఉంటే అది 2016 అక్టోబరుకి ముందుది. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉంటే 2022 ఏప్రిల్‌కి ముందుది. దక్షిణ సూడాన్ లేకపోతే 2011కి ముందుది. ఇది పిల్లలకే పరీక్షగా ఇవ్వండి, "ఈ మ్యాప్ ఏ ఏడాదిదో కనిపెట్టండి" అని. విదేశీ మ్యాపుల్లో కాశ్మీర్ సరిహద్దు వేరేగా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా దేశ పటం ప్రచురించడం మన దగ్గర 1961 చట్టం ప్రకారం నేరం. ఇంట్లో చదువుకోవడం ప్రచురణ కాకపోయినా, పిల్లలు రేపు పరీక్షలో గీసేది మన అధికారిక పటమే. చేయి దానికే అలవాటు పడాలి. స్టేషనరీ షాపులో దొరికే అవుట్‌లైన్ మ్యాపులు ఒక కట్ట తెచ్చిపెట్టుకోండి.

ఇద్దరు పిల్లలకి రెండు కరిక్యులమ్‌లు అక్కర్లేదు. పని ఒకటే, ప్రశ్న వేరు. నీడ దగ్గర పాప టైములు రాసి ఉత్తరం కనుక్కుంటుంది, బాబు రేఖాంశం లెక్క కడతాడు. ట్యాప్ నీళ్ల దగ్గర పాప నది గీస్తుంది, బాబు ఎత్తు తేడా తీస్తాడు.

సిలబస్ టెన్షన్ గురించి. ఎన్‌ఐఓఎస్ పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. అక్కడ జాగ్రఫీ విడిగా ఉండదు, సోషల్ సైన్స్‌లో భాగం. సీనియర్ సెకండరీలోనే విడి సబ్జెక్ట్. మీ బాబుకి ఇంకా ఏడాది, రెండేళ్ల సమయం ఉంది. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి సోషల్ పుస్తకం మొదటి పాఠమే మ్యాపులు, అక్షాంశ రేఖాంశాలు, టైము. ఏడో తరగతిలో దేశ భౌగోళిక వైవిధ్యం, వాతావరణం, శీతోష్ణస్థితి. పైన చెప్పిన పనులన్నీ వీటిలోనే పడతాయి. క్రమం మాత్రం మార్చండి: ముందు పని, తర్వాత పాఠం. నీడ కొలిచిన పిల్ల రేఖాంశాల పేజీ చదివితే అరగంటలో అయిపోతుంది. చదివి కొలవమంటే, పుస్తకంలో ఉన్న జవాబు వచ్చేదాకా కొలతలు దిద్దుతుంది. మా అమ్మాయి ఒకసారి సరిగ్గా అలాగే చేసింది.

వర్క్‌బుక్ ఎందుకు ఇప్పుడే వద్దన్నానంటే, అది పరీక్షకి ముందు ఆరు నెలల్లో బాగా పనికొస్తుంది. మ్యాప్ పాయింటింగ్, చిన్న ప్రశ్నలు సాధన చేయడానికి అప్పుడు కొనండి.

వారానికి రెండు సార్లు, ఒక్కోసారి గంటన్నర పెట్టుకోండి. నెలకోసారి బయటికి. ప్రతి నెల చివర్లో మ్యాప్ చూడకుండా భారతదేశం గీయించి, తారీఖు వేసి ఫైల్లో పెట్టండి. దిద్దకండి. మొదటి నెల బొమ్మ దోసెలా ఉంటుంది, గుజరాత్ ఉండదు. ఆరో నెలకి కర్కట రేఖ ఏ రాష్ట్రాల మీదుగా పోతుందో గీస్తారు. మార్కులకంటే ఆ ఫైలు చూస్తేనే మీకు ధైర్యం వస్తుంది. ఖర్చు విషయానికొస్తే గ్లోబు, ఒక స్కూల్ అట్లాస్, టోపోషీట్ ప్రింట్లు, అవుట్‌లైన్ మ్యాపులు అన్నీ కలిపినా మీరనుకుంటున్న 18 వేలలో పావు వంతు కూడా కాదు. మిగిలింది బస్సు టికెట్లకి ఉంచుకోండి.

మొదటి వారం ఏం చేయాలో తేల్చుకోలేకపోతే లైన్‌మన్ దగ్గర మొదలుపెట్టండి. పిల్లలిద్దరినీ పంపి, మీ వీధికి ఏ నది నీళ్లు వస్తాయో అడిగి రమ్మనండి. ఏ నదో తెలిశాక ఇక్కడ రాయండి. ఆ దారికి కావాల్సిన షీట్లు ఏవో, ఎక్కడ ఆగి ఏం చూడాలో నేను రాసి పెడతాను.